రిమాండ్ వార్త అయిపోయాక ఇంట్లోవాళ్ళ సంగతి

సంపాదకుల వారికి,

"నిందితుణ్ణి కోర్టులో హాజరుపరచగా మేజిస్ట్రేటు 14 రోజుల రిమాండ్ విధించారు." క్రైమ్ పేజీలో వార్త ఈ మాటతో అయిపోతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ తెలియనివి చాలా ఉంటాయి. మనిషిని ఏ జైలుకు తీసుకెళ్ళారు? ఎప్పుడు చూడనిస్తారు? రోజూ వేసుకునే బీపీ మాత్ర లోపల ఎవరిస్తారు? వీటికి జవాబులు చట్టంలోనూ జైలు నిబంధనల్లోనూ ఉన్నాయి. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకు తెలుగులో చెప్పే నాథుడే ఉండడు. ఆ ఖాళీలోకి దళారి దూరతాడు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వేయమని మనవి.

మొదట కావలసింది ఒక నోటు పుస్తకం. క్రైమ్ నంబరు, పోలీస్ స్టేషన్, పెట్టిన సెక్షన్లు, రిమాండ్ చేసిన కోర్టు, రిమాండ్ తేదీ, తర్వాతి వాయిదా, జైలు పేరు, లోపల ఇచ్చిన ఖైదీ నంబరు, ఇవన్నీ ఒకే పేజీలో రాసి పెట్టుకోవాలి. ఏ జైలో తెలియకపోతే ఊరంతా తిరగనక్కరలేదు, రిమాండ్ చేసిన కోర్టు ఆఫీసులో అడిగితే చెబుతారు. చిన్న ఊళ్ళలో ముందు సబ్ జైలుకు పంపి, తర్వాత జిల్లా జైలుకో సెంట్రల్ జైలుకో మారుస్తుంటారు. ఆ మార్పు కబురు ఇంటికి వెంటనే అందుతుందన్న నమ్మకం లేదు. వంద కిలోమీటర్లు బస్సెక్కి వెళ్ళాక "నిన్ననే రాజమహేంద్రవరం పంపేశాం" అన్న మాట వినాల్సి రావచ్చు, కాబట్టి బయలుదేరే ముందు జైలుకు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు.

ములాఖత్ (ఖైదీని కలిసి మాట్లాడటం) కోసం కేంద్రం నడిపే ఈ-ప్రిజన్స్ వెబ్‌సైటులో ఈ-ములాఖత్ అనే విభాగం ఉంది. చూడబోయేవారి పేరు, చిరునామా, బంధుత్వం, గుర్తింపు కార్డు వివరాలు, ఖైదీ పేరు, తండ్రి పేరు, రాష్ట్రం, జైలు నింపాలి. నేరుగా వెళ్తారా, వీడియోలో మాట్లాడతారా అన్నదీ అక్కడే ఎంచుకోవాలి. ఓటీపీ కొట్టాక వెళ్ళేది అభ్యర్థన మాత్రమే. జైలు వాళ్ళు ఆమోదించాకే ములాఖత్ ఖాయమైనట్టు. చాలా అభ్యర్థనలు ఎక్కడ తన్నేస్తాయంటే పేరు దగ్గర. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక పద్ధతంటూ లేదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పోలీసులు వెనక రాస్తారు. వెంకటేశ్వర్లు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా మారిపోతాడు. జైలు రికార్డు రిమాండ్ వారెంటును అనుసరిస్తుంది కనుక, వారెంటులో ఉన్న స్పెల్లింగే కొట్టాలి. లాయరు దగ్గర రిమాండ్ రిపోర్టు కాపీ ఉంటుంది, అది చూసి నింపితే సరిపోతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళు ఖంగారు పడక్కరలేదు, గేటు దగ్గర ములాఖత్ కౌంటర్లో పేరు రాయించుకోవచ్చు.

రిమాండ్ ఖైదీలకు మామూలుగా వారానికి రెండు ములాఖత్‌లు ఉంటాయి. శిక్ష పడ్డవాళ్ళకు అంతకన్నా తక్కువ. రోజులు, వేళలు, ఒక విడతకు ఎంతమంది అన్నవి జైలును బట్టి ఉంటాయి. వారానికి రెండన్నది జైలరు దయ మీద వచ్చింది కాదు. 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధంలో ఉన్న మనిషి కుటుంబాన్నీ లాయరునూ కలుసుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. నెలకు ఒక్కసారే కలవాలన్న షరతును కొట్టేసింది.

వెళ్ళేటప్పుడు ఒరిజినల్ ఆధార్, రెండు జెరాక్సులు పట్టుకెళ్ళాలి. భార్య ఆధార్‌లో ఇంకా పుట్టింటి పేరే ఉంటే బంధుత్వం తేల్చడానికి రేషన్ కార్డు అక్కరకొస్తుంది. సెల్‌ఫోన్ లోపలికి రానివ్వరు, బయట దాచే ఏర్పాటు లేకపోతే తోడొచ్చినవారి చేతిలో పెట్టి వెళ్ళాలి. తీరా మెష్ (మధ్యలో ఉండే ఇనుప జాలీ) ముందు నిలబడ్డాక దొరికేది పావుగంటో ఇంకాస్తో. అటూ ఇటూ పదిమంది ఒకేసారి అరుస్తుంటే ఏడుపుతోనే సగం గడిచిపోతుంది. అందుకని అడగాల్సినవి ముందే కాగితం మీద రాసుకోవడం అలవాటు చేసుకోవాలి: ఒంట్లో ఎలా ఉంది, మందు అందుతోందా, ఏ కాగితం మీద సంతకం కావాలి, ఎవరికి కబురు చెప్పాలి. కేసులో ఏం జరిగింది, ఎవరు సాక్షి అన్న ముచ్చట అక్కడ ఎత్తకూడదు. పక్కనే సిబ్బంది ఉంటారు, పక్క మెష్‌లో ఎవరుంటారో తెలియదు. కేసు సంగతి లాయరు ములాఖత్‌కు వదిలెయ్యాలి. అది సిబ్బందికి కనబడేంత దూరంలో, వినబడనంత దూరంలో జరగాలన్నది నియమం.

సంచిలో తెచ్చేవాటి దగ్గర కూడా తగవులు చాలా. 1894 నాటి జైళ్ల చట్టం 31వ సెక్షన్ విచారణ ఖైదీకి బయట నుంచి తిండి, బట్టలు తెప్పించుకునే వీలు ఇస్తుంది. అయితే అది జైలు నిబంధనలకూ తనిఖీకీ లోబడే. ఇంట్లో వండిన అన్నం క్యారియర్ కోర్టు ఆర్డరు లేకుండా లోపలికి పోదు. బట్టల్లో బెల్టు, తాడు ఉన్నవి, మందంగా అంచులు కుట్టినవి వెనక్కి ఇచ్చేస్తారు. పచ్చడి సీసాలో, చెప్పు అడుగున, పేస్టు ట్యూబులో ఏదో దాచి పంపమని లోపలి నుంచి ఎవరైనా అడిగించినా ఒప్పుకోకూడదు. బీడీ కట్టైనా, సిమ్ కార్డైనా, నిషేధించిన వస్తువు చేరవేయడం 42వ సెక్షన్ కింద నేరం. అప్పుడు లోపల ఒకరు కాదు, ఇద్దరవుతారు. ములాఖత్ కూడా పోతుంది.

మందుల విషయం మాత్రం నిదానంగా చెప్పాలి, ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. గేటు దగ్గర మాత్రల షీటు ఇస్తే తీసుకోరు. చీటీ లేని మాత్ర ఏమిటో జైలు డాక్టరుకు తెలియదు, అందులో తప్పు పట్టడానికీ లేదు. డాక్టరు చీటీ, డిశ్చార్జి సమ్మరీ, చివరి పరీక్షల రిపోర్టులు రెండు సెట్లు జెరాక్సు తీయాలి. ఒకటి లాయరు చేత రిమాండ్ రోజే మేజిస్ట్రేటు ముందు పెట్టించాలి. ఫలానా జబ్బుకు చికిత్స కొనసాగించాలని కోర్టు రాస్తే ఆ మాటకు బలం వస్తుంది. రెండోది జైలు సూపరింటెండెంట్ పేర అర్జీకి జతచేసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకు ఒక్కరోజు తప్పినా ప్రమాదమే. క్షయ మందు వాడుతున్నవారైతే నిక్షయ్ ఐడీ (ప్రభుత్వ క్షయ రికార్డులో రోగి నంబరు), హెచ్ఐవీ మందు వాడుతున్నవారైతే ఏఆర్‌టీ (హెచ్ఐవీ చికిత్స) కార్డు నంబరు చెప్పాలి, అవి ఉంటే చికిత్స ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే అందుకుంటారు. ఇక ఇంట్లోవాళ్ళు సిగ్గుపడి దాచేది ఒకటుంది: రోజూ తాగే అలవాటు. మద్యం హఠాత్తుగా ఆగితే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనబడటం, ఫిట్స్ రావచ్చు. సరిగ్గా అవే జైల్లో మొదటి రోజులు. "ఇంత తాగుతాడు, ఆఖరుసారి ఫలానా రోజు తాగాడు" అని జైలు డాక్టరుకు తెలిసేలా కాగితం మీద పెట్టి ఇవ్వడంలో పోయే పరువేమీ లేదు.

డబ్బు ఖైదీ చేతికి ఇవ్వరు. అతని పేర జైల్లో ఉండే వ్యక్తిగత నగదు ఖాతాలో జమ చేస్తారు, దానితో క్యాంటీన్లో సబ్బు, నూనె, బిస్కెట్లు కొనుక్కుంటాడు. గేటు కౌంటర్లో కట్టినా, మనియార్డరు పంపినా ఖైదీ పేరు, తండ్రి పేరు, నంబరు మూడూ రాయాలి. ఒకే పేరున్నవాళ్ళు లోపల ముగ్గురు నలుగురు ఉంటారు. నెలకు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదన్న పరిమితి ఉంటుంది కాబట్టి అప్పు చేసి ఒకేసారి పెద్ద మొత్తం కట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఎవరి దగ్గర ఎక్కువ ఉందో బ్యారక్‌లో అందరికీ తెలుస్తుంది. "మీవాణ్ణి లోపల కొడుతున్నారు, మంచి బ్యారక్‌కు మార్పిస్తాం, ఈ నంబరుకు యూపీఐ చేయండి" అని ఫోన్ వస్తే రూపాయి కూడా పంపకూడదు. ఆ నంబరు, తేదీ, వేళ రాసుకుని సూపరింటెండెంటుకూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ (ఉచిత న్యాయ సహాయం ఇచ్చే ప్రభుత్వ సంస్థ) కార్యదర్శికీ ఇవ్వాలి.

జైలు ఫోన్ నుంచి ఇంటికి మాట్లాడే సదుపాయం ఉన్నచోట, ముందుగా రాసిచ్చి సరిచూసిన నంబర్లకే కాల్ వెళ్తుంది. సిమ్ కొడుకు స్నేహితుడి పేర ఉంటే అక్కడే ఆగిపోతుంది. కుటుంబ సభ్యుల పేర ఉన్న నంబరే ఇవ్వాలి, ఇచ్చాక మార్చకూడదు. తెలియని నంబరు అని కోసేసే అలవాటు మానుకోవాలి, ఆ కాల్ మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

ఈ రోజుల్లో అందరూ మరిచిపోయింది ఉత్తరం. పోస్టుకార్డు యాభై పైసలు, ఇన్‌ల్యాండ్ లెటరు రెండున్నర రూపాయలు. ములాఖత్ మాటలు గోడ దాటగానే చెదిరిపోతాయి, ఉత్తరాన్ని పదిసార్లు చదువుకుంటారు. ప్రతి ఉత్తరం పైన తేదీతోపాటు 1, 2, 3 అని వరస నంబరు వేస్తే మధ్యలో ఏది అందలేదో ఇద్దరికీ తెలుస్తుంది. జైలు వాళ్ళు విప్పి చదివాకే ఇస్తారు. కేసు గొడవలు, సాక్షుల పేర్లు, గుట్టుగా రాసిన అంకెలు ఉంటే ఆపేస్తారు. చదువురాని మనిషైతే పక్కవాడి చేత చదివించుకుంటాడు, కాబట్టి ఇంటి పరువు మాటలు అందులో రాయకూడదు. రాయాల్సినవి చిన్న చిన్న సంగతులు: గేదె ఈనిందనీ, పాపకు లెక్కల్లో మార్కులు వచ్చాయనీ, పక్కింటి గోడ పడిందనీ. అప్పులవాళ్ళు వచ్చి తిట్టిపోయిన సంగతి రాస్తే లోపల మనిషి చేయగలిగింది ఏమీ లేదు, రాత్రంతా నిద్ర లేకుండా కూర్చోవడం తప్ప.

ఇంటి మగమనిషి లోపలుంటే బ్యాంకు, భూమి, ఇంటి పన్ను పనులన్నీ స్తంభిస్తాయి. స్టాంపు పేపరు మీద అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) రాయించి సూపరింటెండెంట్ అనుమతితో లోపల సంతకం చేయించి, జైలు అధికారి చేత ధ్రువీకరణ, ముద్ర వేయించుకోవచ్చు. లాయరును పెట్టుకున్నట్టు రాసిచ్చే వకాలత్‌నామాదీ ఇదే దారి. ముద్ర లేకుండా తెచ్చిన వకాలత్‌ను కోర్టు ఆఫీసు వెనక్కి ఇచ్చేస్తుంది, మరో ములాఖత్ దాకా ఆగాలి.

లాయరుకు డబ్బు లేదని చేతులు ముడుచుకోవాల్సిన పని లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి, ఆదాయం ఎంతన్న ప్రశ్న లేకుండా, ఉచితంగా లాయరును ఇవ్వాలి. 15100కు ఫోన్ చేయవచ్చు, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, జైల్లోని న్యాయ సహాయ కేంద్రం ద్వారా ఖైదీయే అర్జీ పెట్టుకోవచ్చు. లాయరు ఎవరైనా కేసు సీఎన్ఆర్ నంబరు (కోర్టు కంప్యూటర్లో ఆ కేసుకు ఇచ్చే గుర్తింపు నంబరు) అడిగి తీసుకోవాలి. అందులో పదహారు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదా ఎప్పుడు పడిందో, ఎందుకు పడిందో మీకే కనబడుతుంది, ఎవరినీ బతిమాలనక్కరలేదు.

క్యాలెండర్లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోవాల్సిన తేదీ ఒకటుంది. ఛార్జిషీటు 60 రోజుల్లో, మరణశిక్ష, యావజ్జీవం, లేదా పదేళ్ళూ అంతకు మించిన శిక్ష పడదగ్గ నేరమైతే 90 రోజుల్లో, కోర్టులో పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 187వ సెక్షన్. ఎన్‌డీపీఎస్ (మాదక ద్రవ్యాల చట్టం), ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) లాంటి ప్రత్యేక చట్టాల్లో గడువు 180 రోజుల దాకా, ఎన్‌డీపీఎస్‌లో కోర్టు పొడిగిస్తే ఏడాది దాకా కూడా పోతుంది. రిమాండ్ చేసిన రోజును కూడా కలిపే లెక్కపెట్టాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ జారిపోయేది ఎక్కడంటే, ఆ బెయిలు దానంతటది రాదు. గడువు దాటాక, ఛార్జిషీటు పడకముందే పిటిషన్ వేయాలి. ఒక్కరోజు బద్ధకిస్తే ఆలోగా ఛార్జిషీటు వచ్చేస్తుంది, హక్కు పోతుంది. ఇంకోటి అదే సంహితలోని 479వ సెక్షన్. ఇంతకు ముందు ఏ కేసులోనూ శిక్ష పడని మనిషి ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్ళు సగం లోపలే గడిపితే, విడుదల కోసం కోర్టుకు రాయాల్సిన బాధ్యత సూపరింటెండెంటుదే. ఈ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టులో స్పష్టం చేసింది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నవారికీ వర్తించదు. ఈ రెండో మెలిక చెప్పకుండా ఫీజు తీసుకునేవాళ్ళు ఉన్నారు, జాగ్రత్త.

బెయిలు వచ్చిందని మిఠాయి పంచేశాక కూడా మనిషి ఇంటికి రాకపోవడం మామూలే. ఆర్డరు తర్వాత జామీనుదారులు కావాలి. వాళ్ళ ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాసుపుస్తకం, ఉద్యోగులైతే జీతం స్లిప్పు, ఏ కోర్టు ఏది అడుగుతుందో ముందే కనుక్కుని సిద్ధం చేసుకోవాలి. కోర్టు గుమ్మం దగ్గర అద్దెకు దొరికే జామీనుదారుల జోలికి పోవద్దు. కాగితాలు దొంగవని తేలితే బెయిలు రద్దవడమే కాదు, కొత్త కేసు పడుతుంది. వేరే జిల్లావాడనో వేరే రాష్ట్రం వాడనో జామీను తోసిపుచ్చకూడదని 1978లోనే మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఉంది. ఆ కేసులో మనిషి ఓ తాపీమేస్త్రీ, అడిగిన జామీను పది వేల రూపాయలు.

జామీను ఇచ్చుకోలేనివాళ్ళ కోసం 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ప్రతి కుటుంబం తెలుసుకోదగ్గవి. బెయిలు ఆర్డరు కాపీని కోర్టు అదే రోజో మర్నాడో జైలుకు ఈమెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెల రోజుల్లో జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తాను పరిశీలించవచ్చు. పేద ఖైదీల కోసం కేంద్రం తెచ్చిన పథకంలో, 2023 మార్గదర్శకాల ప్రకారం, విచారణ ఖైదీ బెయిలుకు 40 వేల రూపాయల వరకు, శిక్ష పడిన మనిషి జరిమానాకు 25 వేల వరకు జిల్లా కమిటీ మంజూరు చేసే వీలు పెట్టారు. అవినీతి, మనీలాండరింగ్, ఎన్‌డీపీఎస్, ఉపా కేసులకు అది లేదు. దీనికి అర్జీ ఎక్కడ ఇవ్వాలో తెలియక జరిమానా కట్టలేని మనిషి అదనపు జైలు అనుభవించడం మాత్రం క్షమించరానిది.

విడుదల ఆర్డరులో పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా జైలు వాళ్ళు వదలరు, పొరపాటున వేరే మనిషిని వదిలితే వాళ్ళ ఉద్యోగం పోతుంది. సాయంత్రం లాకప్ వేళ దాటాక ఆర్డరు చేరితే మర్నాటికే. ఇంకో స్టేషన్ పీటీ వారెంటు (వేరే కేసులో హాజరుపరచమనే కోర్టు ఉత్తర్వు) వేసి ఉంటే గేటు దగ్గరే మళ్ళీ తీసుకుపోతారు. బెయిలు పిటిషన్ వేసేనాడే "ఇంకెక్కడైనా కేసు ఉందా?" అని లాయరు చేత జైల్లో కనుక్కుంటే ఈ గుండెకోత తప్పుతుంది.

శిక్ష పడ్డాక వేళ్ళ మీద లెక్కపెట్టాల్సింది అప్పీలు గడువు: జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే (మరణశిక్ష కేసులు తప్ప) 60 రోజులు. తీర్పు కాపీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. లాయరు లేకపోయినా సూపరింటెండెంట్ ద్వారా జైలు నుంచే అప్పీలు పంపవచ్చు. విచారణలో లోపల గడిపిన రోజులు శిక్షలోంచి తీసేస్తారు, ఆ లెక్క వారెంటు మీద సరిగా పడిందో లేదో కుటుంబం ఓసారి చూసుకోవాలి. పెరోల్ (కొన్నాళ్ళ తాత్కాలిక విడుదల) అడిగేటప్పుడు ఊళ్ళో పోలీసు విచారణ జరుగుతుంది. ఇరుగుపొరుగుతో, అవతలి పక్షంతో తగవు రగులుతుంటే రిపోర్టు వ్యతిరేకంగా వస్తుంది. ఆసుపత్రి చీటీ, పెళ్ళి శుభలేఖ, ఏదైతే అది దరఖాస్తుకు జతచేయాలి. గడువుకు ఒక్కరోజు ఆలస్యంగా తిరిగి వెళ్ళినా సంపాదించుకున్న రెమిషన్ (శిక్ష తగ్గింపు) పోవచ్చు, తర్వాతి పెరోల్ కష్టమవుతుంది. కాబట్టి తిరిగి పంపే బాధ్యత ఇంటివాళ్ళదే అనుకోవాలి.

తల్లి లోపలుంటే ఆరేళ్ళ లోపు పిల్లలు ఆమెతో ఉండవచ్చు. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని ఖైదీలుగా చూడరాదనీ, తిండి, వైద్యం, చదువు వేరుగా ఏర్పాటు చేయాలనీ చెప్పింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీదే నడిచింది. ఇంటి దగ్గర మిగిలిన పిల్లలకు "నాన్న దుబాయ్ వెళ్ళాడు" అని చెప్పడం పెద్దల సౌకర్యానికే. బళ్ళో తోటిపిల్లలు రెండు రోజుల్లో చెప్పేస్తారు, అప్పుడు ఇంట్లోవాళ్ళ మాట కూడా నమ్మరు.

కేంద్రం నేర గణాంకాలు సేకరించే ఎన్‌సీఆర్‌బీ 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. మరి జైళ్ళు రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉన్నవే కదా. ములాఖత్ రోజులు, తేవాల్సిన కాగితాలు, క్యాంటీన్ పరిమితి, 15100 నంబరు ఉన్న ఒక్క తెలుగు కాగితాన్ని రిమాండ్ కోర్టులోనే కుటుంబం చేతిలో పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కరలేదు. చర్లపల్లి అయినా, కడప అయినా, గేటు గోడ మీద పెద్ద అక్షరాలతో అదే రాయించడానికీ అక్కరలేదు. ఈలోగా మీరు కూడా క్రైమ్ పేజీ అడుగున వారానికోసారి నాలుగు లైన్ల పెట్టె కట్టి ఆ వివరాలు వేయగలరా?

ఇట్లు,
జైలు న్యాయ సహాయ కేంద్రాల్లో పనిచేసే పారాలీగల్ వాలంటీర్లు